పెరట్లో తేనెటీగలు: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన జాగ్రత్తలు

తేనె అంటే ఇష్టం లేనివారు అరుదు. తేనెటీగ అంటే భయం లేనివారూ అరుదే. ఈ ఇష్టం వల్ల కొందరు ఏమీ తెలుసుకోకుండానే పెట్టె కొనుక్కొచ్చి పెరట్లో పెడతారు. ఈ భయం వల్ల మరికొందరు చెట్టుమీది తుట్టెకు అర్ధరాత్రి కాగడా అంటిస్తారు. రెండూ ప్రమాదమే. తేనెటీగతో కలిసి బతకడం కష్టమైన విద్య కాదు. అయితే పెట్టె గురించి నేర్చుకునే ముందు దాని కాటు గురించి నేర్చుకోవాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

సెంటినరీ కాలనీనే తీసుకోండి. 1889లో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన సింగరేణికి నూరేళ్ళు నిండిన గుర్తుగా ఆ పేరు వచ్చింది. ఒకవైపు ఓపెన్‌కాస్ట్ గనులు, మరోవైపు రామగిరి కొండలు, చుట్టూ వరి, పత్తి చేలు. క్వార్టరు వెనుక నాలుగు మూరల ఖాళీ జాగా ఉంటే చాలు, మన ఇల్లాళ్ళు అందులో మునగ, కరివేపాకు, జామ, బంతి వేస్తారు. పూలున్న చోటికి తేనెటీగలు పిలవకపోయినా వస్తాయి. కనుక మీరు పెట్టె పెట్టినా, పెట్టకపోయినా వాటితో సహవాసం తప్పదు. గోదావరిఖనిలో ఉన్నా, రామగుండంలో ఉన్నా, మరే ఊళ్ళో ఉన్నా సంగతి ఇదే.

ఏ ఈగ ఎలాంటిది?

‘తేనెటీగ’ అని మనం ఒకే పేరుతో పిలుస్తాం గాని, మన ప్రాంతంలో కనిపించేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది పెద్ద తేనెటీగ. మర్రి, రావి వంటి పెద్ద చెట్ల కొమ్మలకూ, నీళ్ళ ట్యాంకులకూ, ఎత్తైన మేడల చూరులకూ చేటంత పట్టు ఒక్కటే వేలాడదీస్తుంది. దీన్ని ఎవరూ పెట్టెలో పెంచలేరు. కోపం వస్తే వందలుగా లేస్తుంది. ‘తేనెతుట్టెను కదిపినట్టు’ అనే మాట పుట్టింది దీని గుణం చూసే.

రెండోది చిన్న తేనెటీగ. పొదల్లో, చిన్న కొమ్మలకు అరచేతి వెడల్పు పట్టు పెడుతుంది. జుంటి తేనె ఇచ్చేది ఇదే. తనంతట తాను మీదికి రాదు.

మూడోది పుట్టతేనెటీగ. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాడుబడ్డ గోడల్లో చీకటిచోట వరుసగా అనేక పట్లు పెడుతుంది. చీకటిలో ఉండే అలవాటు ఉంది గనుకనే కొయ్యపెట్టెలో ఇముడుతుంది. పెరటి పెంపకానికి తగినది ఇదే.

నాలుగోది కుట్టని తేనెటీగ. దోమకంటే కొంచెం పెద్దగా, నల్లగా ఉంటుంది. గోడ సందుల్లో మైనపు గొట్టం లాంటి చిన్న ద్వారం పెట్టుకుంటుంది. దీనికి కుట్టే ముల్లు పనిచేయదు. ఇంట్లో గోడకు ఇది కాపురం పెడితే సిమెంటు పూసి మూసేయకండి. మీ మునగ కాపుకూ, సొర పిందెకూ అది ఉపకారమే చేస్తుంది.

ఇవిగాక ఇటాలియన్ తేనెటీగలని పరాయిదేశపు జాతి ఉంది. తేనె ఎక్కువ ఇస్తుంది. కాని పూలున్న చోటల్లా పెట్టెలు లారీల్లో తిప్పుతూ వ్యాపారంగా పెంచేవారికే అది సరిపడుతుంది. క్వార్టరు పెరటికి అనవసరం.

కుట్టగానే ఏం చేయాలి?

తేనెటీగ ముల్లుకు గాలం లాంటి వెనుకకొక్కేలుంటాయి. అందుచేత కుట్టిన ఈగ ముల్లును, దానికి అంటుకున్న విషపు తిత్తిని మన చర్మంలోనే వదిలి చచ్చిపోతుంది. ఈగ పోయినా తిత్తి మాత్రం విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. ఈ విషంలో ఎక్కువ భాగం మొదటి 20 సెకండ్లలోనే దిగిపోతుంది. కాబట్టి ముల్లు తీయడంలో ఆలస్యం పనికిరాదు.

‘గోటితో పట్టి లాగకూడదు, కత్తి అంచుతో గీకి తీయాలి’ అని చాలాకాలం చెబుతూ వచ్చారు. 1996లో ప్రకటించిన ప్రయోగాల్లో ఎలా తీశామన్నది ముఖ్యం కాదనీ, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమనీ తేలింది. కత్తి కోసం వంటింట్లోకి పరుగెత్తే లోపల విషం దిగిపోతుంది. గోటితోనే వెంటనే తీసేయండి. తరువాత సబ్బుతో కడిగి, చల్లని నీళ్ళలో ముంచిన గుడ్డ గాని, గుడ్డలో చుట్టిన ఐసుముక్క గాని పది నిమిషాలు పెట్టండి. చేతికి కుడితే ఉంగరం, గాజులు ముందే తీసేయండి. వాచిన తరువాత అవి రావు.

సున్నం, కిరోసిన్, పేడ, పసరు వంటివి పూయకండి. ముల్లు పోయిన చోట పుండు పడడానికి అవే కారణమవుతాయి. దురద ఎక్కువగా ఉంటే డాక్టరు సలహాతో ఎలర్జీ మాత్ర వేసుకోవచ్చు.

కుట్టిన ఈగను అక్కడే నలిపి చంపడం కూడా మంచిది కాదు. కుట్టేటప్పుడు తేనెటీగ ఒక వాసన వదులుతుంది. పండిన అరటిపండు వాసన లాంటిది. మిగతా ఈగలకు అది ‘ఇక్కడే కుట్టండి’ అనే కబురు. కనుక కుట్టిన చోటునుంచి మెల్లగా దూరంగా వచ్చేసి, తరువాత మిగతా పనులు చూసుకోండి. కందిరీగ సంగతి వేరు. అది ముల్లు వదలదు, కాబట్టి మళ్ళీ మళ్ళీ కుట్టగలదు.

ఏది మామూలు వాపు, ఏది ప్రాణాపాయం?

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు గాని, ఈ భాగం మాత్రం ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి.

కుట్టిన చోట మంట, ఎరుపు, వాపు రావడం సహజం. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కొందరికి చేతిమీద కుడితే మోచేతి దాకా వాచి, రెండు మూడు రోజులు పెరిగి, వారం పది రోజులకు గాని తగ్గదు. చూడడానికి భయంగా ఉన్నా ఇది సాధారణంగా ప్రాణం మీదికి రాదు. డాక్టరుకు చూపిస్తే చాలు.

కాని కుట్టిన చోటికి సంబంధం లేకుండా ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, పెదవులు, కనురెప్పలు, నాలుక వాయడం, గొంతు బిగుసుకుని మాట మారిపోవడం, ఆయాసం, పిల్లికూతలు, వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, ఇవి వేరే జాతి లక్షణాలు. వీటినే డాక్టర్లు ‘అనాఫిలాక్సిస్’ అంటారు. విషం ఎక్కువై వచ్చే జబ్బు కాదిది. ఆ విషాన్ని మన శరీరం తట్టుకోలేక చేసే తిరుగుబాటు. అందుచేత ఒక్క ఈగ కుట్టినా చాలు. సాధారణంగా నిమిషాల్లోనే మొదలవుతుంది.

అప్పుడు ‘కాసేపు చూద్దాం’ అని కూర్చోకండి. మంత్రం వేసేవారి దగ్గరికి వెళ్ళకండి. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో దగ్గరలోని ఆస్పత్రికి చేర్చండి. ఈ స్థితిలో ప్రాణం నిలిపే మందు ఒక్కటే. అది అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ కండరానికి ఇస్తారు. ఎలర్జీ మాత్ర దానికి బదులు కాదు. దారిలో రోగిని పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. లేపి నడిపించకూడదు. ఇంజెక్షను తరువాత నెమ్మదించినా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉండాలి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టడం కద్దు.

‘మా ఆయనకు చిన్నప్పుడు పదిసార్లు కుట్టాయండీ, ఏమీ కాలేదు’ అని ధైర్యంగా ఉండడానికి వీల్లేదు. ఇన్నాళ్ళూ ఏమీ కాని మనిషికి ఒకనాడు హఠాత్తుగా ఎలర్జీ రావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి మరింత త్వరగా చిక్కబడుతుంది. గుండెజబ్బుకూ, రక్తపుపోటుకూ వాడే కొన్ని మందులు అడ్రినలిన్ పనిచేయడాన్ని అడ్డుకుంటాయి. అలాగని మందులు మానకండి. పెట్టె పెట్టుకోవాలనే ఆలోచన ఉంటే ముందుగా డాక్టరుతో చెప్పండి.

ఒకసారి ఇలాంటి ఎలర్జీ వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో తేనెటీగల పెట్టె పెట్టనే కూడదు. అటువంటివారు పెద్ద ఆస్పత్రిలో ఎలర్జీ నిపుణులను కలవడం మంచిది. విషాన్నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి శరీరానికి అలవాటు చేసే వైద్యం ఉంది.

నోట్లో, గొంతులో కుడితే ఎలర్జీ లేకపోయినా ఆస్పత్రికి వెళ్ళాలి. వాపువల్ల ఊపిరిదారి మూసుకుపోతుంది. కంటిమీద కుడితే ముల్లు మీరు తీయడానికి ప్రయత్నించకండి.

పెద్ద తుట్టె లేచినప్పుడు

పెద్ద తేనెటీగలు ఊరికే లేవవు. కారణం దాదాపు ఎప్పుడూ మనమే. పిల్లలు రాయి విసరడం, చెట్టుకింద పొయ్యి పెట్టడం, టపాకాయలు కాల్చడం, తేనెకోసం తెలియక పొగబెట్టడం, ఇవే కారణాలు. కార్తీకమాసంలో వనభోజనాలకు ఉసిరిచెట్టు వెతుక్కునేటప్పుడు దాని పక్కచెట్లమీదికి కూడా ఒకసారి తలెత్తి చూడండి. పైన తుట్టె ఉంటే పొయ్యి మరోచోట పెట్టండి. రామగిరి కొండమీదికి పిల్లలను తీసుకువెళ్ళినా ఇదే జాగ్రత్త.

ఈగలు లేస్తే నిలబడి చేతులు ఊపకండి. చొక్కానో, చీరకొంగో ముఖానికి కప్పుకుని పరుగెత్తండి. దగ్గరలోని ఇల్లు గాని, తలుపులు మూసిన జీపు గాని మంచి ఆశ్రయం. నీళ్ళలో దూకడం వల్ల లాభం లేదు. మీరు తల పైకెత్తేదాకా ఈగలు పైనే తిరుగుతుంటాయి. పిల్లలను ముందు ఎత్తుకోండి. వారి ఒంటి బరువు తక్కువ కనుక కొద్ది కాట్లే వారికి ఎక్కువవుతాయి.

పెద్దవారికి నలభై యాభై కాట్లు పడినా, పిల్లలకు, వృద్ధులకు అంతకంటే తక్కువ పడినా, ఎలర్జీ లక్షణాలు లేకున్నా ఆస్పత్రిలో చేర్చాలి. ఎక్కువ విషం కండరాలనూ, రక్తకణాలనూ దెబ్బతీస్తుంది. ఆ వ్యర్థాలు మూత్రపిండాల్లో అడ్డుపడి ఒకటి రెండు రోజుల తరువాత కీడు చేస్తాయి. మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా, తగ్గిపోయినా ఒక్క పూట కూడా ఆగకూడదు.

మేడ చూరుకు తుట్టె పడితే కిరోసిన్, నిప్పు జోలికి పోకండి. పెద్ద తేనెటీగలు కాలాన్నిబట్టి వలస పోయేవి. కాలం మారి పూలు తగ్గితే వాటంతటవే వెళ్ళిపోతాయి. బడి, ఆస్పత్రి, మెట్లదారి వంటి చోట్ల ఆగలేకపోతే క్వార్టర్ల వ్యవహారం చూసే కార్యాలయానికి తెలియజేసి, తెలిసినవారి చేత తీయించండి. ఇక ఎప్పుడైనా కొమ్మకు ఈగల ముద్ద ఒకటి పట్టు లేకుండా వేలాడుతూ కనిపిస్తే కంగారు పడకండి. కొత్త ఇల్లు వెతుక్కుంటున్న గుంపు అది. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో లేచిపోతుంది.

పెట్టె పెట్టుకోదలచినవారికి

ఇంతదాకా చదివి కూడా ఉత్సాహం తగ్గకపోతే మీరు పెంపకానికి తగినవారే.

ముందుగా ఇరుగుపొరుగుతో మాట్లాడండి. క్వార్టర్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు వాకిట్లో మంచం వేసుకుని పడుకునేవారుంటారు. ‘అన్నా, మీ ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్ళు వాస్తుందా?’ అని అడిగి తెలుసుకోవడం మీ బాధ్యత. అలాంటివారుంటే పెట్టె ఆలోచన మానుకుని, ఊరి పొలంలోనో, చుట్టాల తోటలోనో పెట్టుకోండి. క్వార్టరు కంపెనీది కనుక అనుమతి కూడా అడగడం మర్యాద.

రెండోది శిక్షణ. పుస్తకం చదివి ఈదడం ఎలా రాదో, ఇదీ అంతే. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో హనీ మిషన్ అనే పథకం ప్రారంభించింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఈ పని నేర్పుతున్నారు. దగ్గరలోనే రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడ అడిగితే దారి చెబుతారు. అనుభవమున్న పెంపకందారు పక్కన ఒక పూల కాలమంతా నిలబడి చూడడం అన్నిటికంటే మంచి శిక్షణ.

మూడోది పెట్టె. 1911–17 మధ్య తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ అనే మతగురువు మన పుట్టతేనెటీగ పరిమాణానికి తగిన చిన్న పెట్టె రూపొందించారు. న్యూటన్ పెట్టె అని ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. అడుగు పలక, పైన పిల్లల గది, దానిపైన తేనె గది, మూత, లోపల తీసి పెట్టడానికి వీలైన చట్రాలు, ఇంతే దాని నిర్మాణం. పెట్టెతోపాటు ముఖానికి ముసుగు, చేతి తొడుగులు, పొగడబ్బా తప్పనిసరి. ముసుగు లేకుండా పెట్టె తెరవడం ధైర్యం అనిపించుకోదు.

ఒక్క పెట్టెతో మొదలుపెట్టండి. గుంపును కొనేటప్పుడు రోగం లేనిదని తెలిసిన చోటే కొనండి. 1991–92లో సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిన పుట్టతేనెటీగల గుంపులను చాలావరకు తుడిచిపెట్టింది.

పెట్టెను చెట్టునీడలో, ద్వారం తూర్పుకు ఉండేటట్టు పెట్టండి. ద్వారానికి ఎదురుగా నడకదారి, బట్టలారేసే తీగ, పిల్లలు ఆడే చోటు ఉండకూడదు. ముందు ఆరడుగుల ఎత్తున తడిక గాని, గుబురు మొక్కలు గాని ఉంటే ఈగలు ఆ ఎత్తుకు లేచి మనుషుల తలలమీదుగా వెళ్ళిపోతాయి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. గాలి లేని, ఎండ ఉన్న పూట మాత్రమే పెట్టె తెరవండి. పిల్లలు బడినుంచి వచ్చే వేళ, వాన మబ్బు పట్టినప్పుడు, చీకటి పడ్డాక తెరవకండి. ముదురురంగు బట్టలు, సెంటు వద్దు.

మేత సంగతి చూస్తే మన ప్రాంతం బీద కాదు. వేప, కానుగ, చింత, రేగు, కుంకుడు, మునగ, నీలగిరి, చేలల్లో నువ్వులు ఒకదాని తరువాత ఒకటి పూస్తూనే ఉంటాయి. పత్తికి మందు కొట్టే రోజుల్లో మాత్రం ఈగలు చస్తాయి. తెలిసిన రైతులుంటే పొద్దు వాలాక కొట్టమని చెప్పుకోండి.

ఎండాకాలం మరో పరీక్ష. రామగుండం ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. ఆ రోజుల్లో ఈగలు నీళ్ళు తెచ్చి పట్టుమీద చల్లి, రెక్కలతో విసిరి గూడు చల్లబరుస్తాయి. మీరు నీళ్ళు పెట్టకపోతే పక్కింటి కూలరు మీద వాలతాయి. తగవు అక్కడే మొదలవుతుంది. మార్చి రాకముందే వెడల్పు మట్టిమూకుడులో గులకరాళ్ళు వేసి, రాళ్ళు పైకి కనబడేటంత నీళ్ళు పోసి పెట్టండి. ఒకసారి అలవాటైన చోటికే అవి వస్తాయి. రోజూ నీళ్ళు మార్చితే దోమలు పెరగవు. పెట్టె లేని ఇళ్ళవారు కూడా ఈ మూకుడు పెట్టుకుంటే కూలరు బెడద తగ్గుతుంది. సాయంత్రం లైటు చుట్టూ చేరి కిందపడిన ఈగలను పిల్లలు ఒట్టికాళ్ళతో తొక్కకుండా చూడండి.

పుట్టతేనెటీగ పెట్టెనుంచి ఏడాదికి నాలుగైదు కిలోల తేనె వస్తే సంతోషించాలి. అరలకు మైనపు మూత వేసిన తేనే పక్వానికి వచ్చినది. తేనె గదిలోదే తీయండి. పిల్లల గదిలోది వాటి గ్రాసం. అది ముట్టుకుంటే మీ పెట్టె ఖాళీ అవుతుంది.

తేనె ఎవరికి మంచిది, ఎవరికి కాదు?

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్ళలో ఉంది. దయచేసి మానండి. ఏడాది నిండని పిల్లలకు చుక్క తేనె కూడా పనికిరాదు. తేనెలో కొన్నిసార్లు బొట్యులిజం అనే జబ్బు కలిగించే సూక్ష్మక్రిముల బీజాలుంటాయి. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తవు. పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. బిడ్డకు మలబద్ధం, పాలు పీల్చలేకపోవడం, మెడ వాలిపోవడం, చివరికి ఊపిరి ఆడకపోవడం దీని లక్షణాలు. 1976లో అమెరికాలో గుర్తించిన జబ్బు ఇది. తేనెను కాచినా ఆ బీజాలు చావవు. మీ పెరటి తేనె అయినా, కొండ తేనె అయినా నియమం ఒక్కటే. నానమ్మ, అమ్మమ్మలకు నొచ్చుకోకుండా నచ్చజెప్పండి.

ఏడాది దాటిన పిల్లలకు దగ్గు ఉన్నప్పుడు రాత్రి పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇస్తే ఉపశమనం ఉంటుంది. పెద్దలకూ మంచిదే. కాని మధుమేహం ఉన్నవారు ‘ఇది చక్కెర కాదు గదా’ అనుకోకూడదు. తేనెలో నూటికి ఎనభై వంతులు చక్కెరలే. వేడినీళ్ళలో తేనె, నిమ్మరసం వల్ల లావు తగ్గుతారనే మాటకు ఆధారం లేదు. తేనె గడ్డకడితే కల్తీ అనుకోవద్దు. స్వచ్ఛమైన తేనె కూడా చల్లని రోజుల్లో పేరుకుంటుంది.

కీళ్ళనొప్పులకు ఈగల చేత కుట్టించుకునే వైద్యం గురించి కూడా అడుగుతుంటారు. దాని మేలు రుజువు కాలేదు. అపాయం మాత్రం రుజువైంది. అలా కుట్టించుకుంటూ వచ్చిన ఒక స్త్రీ తీవ్రమైన ఎలర్జీతో మరణించిన ఉదంతాన్ని 2018లో స్పెయిన్ డాక్టర్లు ప్రకటించారు. ఆ జోలికి పోకండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. 108తోపాటు దగ్గరలోని ఆస్పత్రి నంబరు ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించండి. ఎలర్జీ లక్షణాలు ఇంటిల్లిపాదికీ ఒకసారి చదివి వినిపించండి. కూలరు దగ్గర ఒక మూకుడు నీళ్ళు పెట్టండి. ఆ తరువాత పెట్టె సంగతి తీరికగా ఆలోచించుకోవచ్చు.